వాల్‌నట్ చెక్కకి స్టెయిన్ ఎందుకండీ, ఉన్న రంగు నిలబెట్టుకుంటే చాలు

వాల్‌నట్ పలక మొదటిసారి కొన్నవాళ్లు చాలామంది చేసే పని ఒకటుంది, దానిమీద ఇంకాస్త ముదురు స్టెయిన్ (చెక్కకి పట్టించే రంగు) పూసేయడం. దయచేసి వద్దు. ఆ రంగు కోసమే కదా అంత డబ్బు పోసి కొన్నది!

పలక కొనేటప్పుడే లోపలి ముదురు చెక్క, అంటే చేవ, ఎంత, బెరడు పక్కన ఉండే తెల్లచెక్క ఎంత అని చూసుకోండి. ఎక్కువగా దొరికేవి రెండు రకాలు. ఉత్తర అమెరికా తూర్పు భాగంలో పెరిగే నల్ల వాల్‌నట్ చేవ చాక్లెట్ రంగులో ఉంటుంది, అక్కడక్కడ ఊదా జీర. మనం పప్పు తినే చెట్టుది, అంటే పర్షియన్ వాల్‌నట్‌ది, కొంచెం లేత రంగు, నల్లటి చారలు ఉంటాయి. కొన్ని మిల్లుల్లో పచ్చి చెక్కకి ఆవిరి పెడతారు, దాంతో తెల్లచెక్క ముదిరి చేవలో కలిసిపోతుంది, వృథా తగ్గుతుంది, కానీ చేవలోని ఆ జీరలు కూడా చప్పబడిపోతాయి. ఆవిరి పెట్టనిది దొరికితే నేను అదే తీసుకుంటా. తెల్లచెక్కకి పురుగు త్వరగా పడుతుంది కాబట్టి సన్నటి రంధ్రాలు, వాటి కింద పిండిలాంటి పొడి కనిపిస్తే ఆ పలక జోలికి పోకండి.

పనికి మాత్రం ఇంత మర్యాదైన చెక్క తక్కువ. చెక్కలోకి ఉక్కు గుండు దిగడానికి ఎంత బలం కావాలో చెప్పే జాంకా కొలతలో నల్ల వాల్‌నట్ గట్టిదనం 1010 పౌండ్లు, వైట్ ఓక్‌ది 1360, అందుకే ఉలి హాయిగా దిగుతుంది. ముడుల దగ్గర, కొమ్మ చీలిన చోట గ్రెయిన్ (చెక్క పోగుల వరుస) అటూ ఇటూ తిరుగుతుంది, అక్కడ చిత్రిక లోతుగా పట్టారో పెళ్లలు లేచిపోతాయి. బ్లేడు బాగా నూరి, ఉల్లిపొర మందాన తీయండి, అప్పటికీ మాట వినకపోతే స్క్రేపర్ (గీకే ఉక్కు రేకు). బల్ల పైభాగం చేస్తుంటే తేమకి చెక్క కదులుతుందని గుర్తుంచుకోండి: 60 సెంటీమీటర్ల వెడల్పు పలకలో తేమ 4 శాతం మారితే వెడల్పు దాదాపు 6 మిల్లీమీటర్లు మారుతుంది. స్క్రూలు గట్టిగా బిగించి ఆ కదలికని ఆపాలని చూస్తే పలక బీటలు వారుతుంది, అందుకే కాళ్ల ఫ్రేమ్‌లో స్క్రూ రంధ్రాలు పొడవుగా కోయాలి.

ఇనుముతో మాత్రం జాగ్రత్త. ఈ చెక్కలో టానిన్ అనే వగరు పదార్థం ఉంటుంది, తడి తోడైతే ఇనుము తగిలిన చోట నీలినలుపు మరక పడుతుంది. నేనొకసారి జిగురు పెట్టి ఇనప క్లాంపులు రాత్రంతా వదిలేశా, పొద్దున తీసి చూస్తే ప్రతి క్లాంపు కింద సిరా పోసినట్టు ఒక గీత! సాండ్‌పేపర్‌తో ఎంత రుద్దినా పోలేదు, లోపలికి దిగిపోయింది. ఆక్సాలిక్ ఆమ్లంతో ఇలాంటివి పోతాయి గానీ అది విషం, గ్లవ్స్ వేసుకోవాలి, తర్వాత బాగా కడగాలి. దానికన్నా క్లాంపు కింద ఒక ప్లాస్టిక్ ముక్క పెడితే అయిపోయేది. నీళ్లలో కలిసే ఫినిష్ (పైపూత) వేసేముందు స్టీల్ ఊల్‌తో రుద్దకండి, మిగిలిన పీచులు తుప్పు చుక్కలవుతాయి.

సాండింగ్‌కి పేపర్ నంబర్లు వరసగా 120, 150, 180, 220, అక్కడితో చాలు. టర్పెంటైన్ తడిపిన గుడ్డతో ఒకసారి తుడవండి: ఫినిష్ వేశాక రంగు ఎలా ఉంటుందో అప్పుడే తెలుస్తుంది, తుడవకుండా వదిలేసిన జిగురు మచ్చలు కూడా బయటపడతాయి. ఆ తర్వాత అవిసె నూనె గానీ టంగ్ ఆయిల్ (టంగ్ చెట్టు గింజల నూనె) గానీ పల్చగా రాసి, పావుగంటకి మిగిలింది తుడిచేయండి. ఒక్కసారిగా లోతు వస్తుంది, చూసి తీరాల్సిందే. నీళ్లలో కలిసే ఫినిష్ ఒక్కటే వేస్తే మాత్రం బూడిద పూసినట్టు పాలిపోయి కనిపిస్తుంది, ఆ ఫినిషే కావాలంటే ముందు ఒక పొర లక్క (షెలాక్) వేసి ఆరనివ్వండి. నూనె గుడ్డలు ఉండ చుట్టి మూల పడేయొద్దు, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. బయట విడిగా ఆరేయండి.

దుమ్ముకి మాస్క్ తప్పదు, కళ్లకీ చర్మానికీ మంట. నల్ల వాల్‌నట్ రంపపు పొట్టు గుర్రాల కింద పరిస్తే వాటికి గిట్టల జబ్బు వస్తుంది, పొట్టు ఎవరికైనా ఇచ్చేటప్పుడు ఈ సంగతి చెప్పండి.

ఇంకోటి, ఏళ్లు గడిచేకొద్దీ ముదురుతుందని అనుకుంటారు, వాల్‌నట్ తిరగేసి లేతబడుతుంది. కిటికీ పక్కన బల్ల వేసి దానిమీద ఒక వాజ్ కదలకుండా ఉంచితే, తీసిన రోజు కింద ముదురు రంగు గుండ్రం కనిపిస్తుంది. నేరుగా ఎండ పడకుండా చూసుకుని, పైన పెట్టినవి అప్పుడప్పుడు జరుపుతుండండి. నూనె పెట్టిన బల్లైతే పొడిగా అనిపించినప్పుడు ఇంకో పల్చటి పొర రాయండి. చిన్న సొట్ట పడితే చటుక్కున సాండ్‌పేపర్ తీయకండి, తడి గుడ్డ వేసి ఇస్త్రీ పెట్టె కొనతో రెండు క్షణాలు అద్దండి, నలిగిన పోగులు ఆవిరికి ఉబ్బి పైకి వస్తాయి. పోగు తెగిపోయుంటే మాత్రం అది లేవదు.