నెట్ లీజు పాఠాలు – 5: పైకప్పు ఎవరి ఖర్చు?

ఈసారి అద్దె పెంపుల గురించి, రెన్యువల్ ఆప్షన్ల గురించి చెప్తానని పోయిన పాఠం చివర్లో మాటిచ్చాను. దాన్ని తర్వాతి పాఠానికి జరుపుతున్నాను. కారణం మీరు పంపిన హోంవర్క్. నెట్ లీజు అంటే అద్దెతోపాటు బిల్డింగ్ ఖర్చులు కూడా కొన్నో అన్నీనో అద్దెదారే కట్టే లీజు. అలాంటి ఒక బిల్డింగ్‌కి క్యాప్ రేట్, అంటే ఖర్చులు పోను ఏటా మిగిలే అద్దె కొన్న ధరలో ఎంత శాతమో, చెప్పమన్నాను. ఇద్దరు ముగ్గురు తప్ప అందరూ 6.5 శాతం అనే రాశారు. అది తప్పు.

లెక్క మళ్లీ చూద్దాం. బిల్డింగ్ ధర 20 లక్షల డాలర్లు, ఏడాది అద్దె 1,30,000. పదివేల చదరపు అడుగులు, ఒకే అద్దెదారు, లీజులో ఇంకా 11 ఏళ్లు మిగిలి ఉంది. రూఫ్ వేసి 14 ఏళ్లయింది. బ్రోకర్ ఇచ్చిన బ్రోషర్ మొదటి పేజీలో పెద్దక్షరాలతో ‘ట్రిపుల్ నెట్’ అని ఉంది, వింటే ఖర్చులన్నీ అద్దెదారువే అనిపించే మాట. దానితోపాటు లీజులోంచి మూడు పేజీలు కూడా ఇచ్చి, క్యాప్ రేట్ ఎంతో చెప్పమన్నాను.

1,30,000ను 20 లక్షలతో భాగిస్తే 6.5 వస్తుంది, నిజమే. భాగహారం మీకు వచ్చని నాకు తెలుసు. అదొక్కటే కావాలంటే ఆ మూడు పేజీలు ఎందుకిస్తాను? రెండో పేజీ మధ్యలో, నాలుగు లైన్ల పొడవున్న ఒక వాక్యంలో ఉంది సంగతంతా: రూఫ్, పునాది, బయటి గోడలు, పార్కింగ్ లాట్ మళ్లీ వేయించడం, ఇవన్నీ ల్యాండ్‌లార్డ్ తన సొంత ఖర్చుతో చూసుకోవాలి. బ్రోషర్ చూస్తే పేరు గొప్ప, లీజు చూస్తే ఊరు దిబ్బ.

‘ట్రిపుల్ నెట్ అని రాశాక రూఫ్ ఓనర్ నెత్తిన ఎలా పడుతుందండీ, ఇది మోసం కాదా?’ అని ఒకరు కోపంగా అడిగారు. మోసం కాదు. ట్రిపుల్ నెట్ అనేది వ్యాపారంలో పుట్టిన మాట. దాని అర్థం ఇదీ అని అందరినీ కట్టిపడేసే చట్టం ఏదీ లేదు. పుస్తకాల ప్రకారం ఆస్తిపన్ను, ఇన్సూరెన్స్, నిర్వహణ మూడూ అద్దెదారు కడితే ట్రిపుల్ నెట్. మొదటి రెండే కడితే డబుల్ నెట్. అమెరికా మార్కెట్లో బ్రోకర్ల నోట మాత్రం డబుల్ నెట్ అంటే వేరే అర్థం ఉంది: రోజువారీ ఖర్చులన్నీ అద్దెదారువి, రూఫ్, స్ట్రక్చర్ మాత్రం ఓనర్‌వి. అందుకే ఒకే బిల్డింగ్‌ను ఒక బ్రోకర్ ట్రిపుల్ అని, ఇంకో బ్రోకర్ డబుల్ అని అమ్మగలరు. ఇద్దరి బ్రోషర్ల కిందా సన్న అక్షరాల్లో ‘కొనేవారే అన్నీ సరిచూసుకోవాలి’ అని ఉంటుంది. నేనైతే బ్రోషర్‌ను ఫోటోల కోసం, అడ్రస్ కోసం మాత్రమే చూస్తాను.

‘అబ్సల్యూట్ నెట్’, అంటే రూఫ్, స్ట్రక్చర్‌తో సహా అన్నీ అద్దెదారువే అని రాసి ఉంటే భయం లేదా అని కూడా అడిగారు. అదీ పేరే కదా. లీజు తెరవండి.

ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాం. రూఫ్ అద్దెదారు బాధ్యతే అని లీజులో ఉన్నా సరే, ఆ బాధ్యత ఏ క్రియాపదంతో రాశారో చూడాలి. మెయింటెయిన్, రిపేర్, రీప్లేస్. ఈ మూడూ మూడు వేర్వేరు బిల్లులు. మెయింటెయిన్ అంటే శుభ్రం చేయించడం, ఏడాదికోసారి చూపించడం. రిపేర్ అంటే కారిన చోట అతుకు వేయించడం. రీప్లేస్ అంటే పాతది పీకి కొత్తది వేయడం. మొదటి రెండు మాటలే రాసి మూడోది వదిలేస్తే, అతుకులతో పని జరిగినన్నాళ్లూ అద్దెదారు డబ్బు పెడతాడు. అతుకు నిలవని రోజున ఉత్తరం మీకు వస్తుంది. అప్పుడు కోర్టు ఏమంటుందనేది రాష్ట్రాన్ని బట్టి, లీజులో మిగతా మాటల్ని బట్టి ఉంటుంది. ఆ జూదం మీద 20 లక్షలు పెట్టకండి.

నేను కొన్న మొదటి బిల్డింగ్‌లో నాకు జరిగిందదే. పైన ఉన్న ఏసీ యూనిట్లను అద్దెదారు మెయింటెయిన్, రిపేర్ చేయాలని లీజులో ఉంది. చదివాను, సంతోషించాను, సంతకం పెట్టాను. మూడో ఏడు ఎండాకాలంలో రెండు యూనిట్లు ఆగిపోయాయి. అద్దెదారు నుంచి మర్యాదగా ఒక ఉత్తరం వచ్చింది. మూడేళ్లుగా వాళ్లు చేయించిన రిపేర్ల రసీదులన్నీ జతచేసి, ఇక ఇవి బాగుపడవని మెకానిక్ రాసిచ్చిన కాగితం కూడా పెట్టారు. కొత్తవి కొనాలని లీజులో ఎక్కడుందో చూపించమన్నారు. లాయర్ దగ్గరికి పరిగెత్తాను. ఆయన పేరా రెండుసార్లు చదివి, ‘వాళ్లు చెప్పేది కరెక్టే, పోట్లాడితే నా ఫీజు కూడా మీకే’ అన్నాడు. నాలుగు నెలల అద్దె ఏసీలకే పోయింది. తర్వాత కొన్న ప్రతి బిల్డింగ్ లీజులోనూ నేను మొదట వెతికేది రీప్లేస్ అన్న ఒక్క మాటే. అద్దె ఎంతో కూడా తర్వాతే చూస్తాను.

ఇంకా ఉన్నాయి. రూఫ్ స్ట్రక్చర్ వేరు, దాని పైపొర వేరు. స్ట్రక్చర్ ఓనర్‌ది, పైపొర అద్దెదారుది అని విడదీసే లీజులు ఉన్నాయి, అవి పర్వాలేదు. ఓనర్ బాధ్యత అని ఉత్త ‘రూఫ్’ రాస్తే రెండూ మీవే అనుకోండి. పార్కింగ్ లాట్‌లో గుంతలు పూడ్చడం, గీతలు వేయడం ఒక ఎత్తు, మొత్తం తవ్వి మళ్లీ తారు వేయడం ఇంకో ఎత్తు. భూమిలోపలి పైపుల గురించి చాలా లీజుల్లో మాటే ఉండదు. మాట లేని చోట నేను నా ఖర్చుగానే రాసుకుంటాను. నా అతిజాగ్రత్త అనుకున్నా ఫర్వాలేదు.

మరో రకం క్లాజు చూస్తే బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. రీప్లేస్ చేసే ఖర్చు ముందు ఓనర్ పెట్టాలి, దాన్ని ఆ వస్తువు ఆయుష్షు మీద పంచి, ఏటా ఒక వాటా అద్దెదారు తిరిగి ఇస్తాడు. లెక్క వేయండి. రూఫ్‌కి 1,20,000 అయింది, ఆయుష్షు 20 ఏళ్లు అనుకుంటే ఏటా వాటా 6,000. మీరు రూఫ్ వేయించేనాటికి లీజులో అయిదేళ్లే మిగిలి ఉంటే తిరిగొచ్చేది 30,000. మిగతా 90,000 మీదే, అద్దెదారు రెన్యూ చేస్తే తప్ప.

సరే, హోంవర్క్. ఇందులో అంకెలు లెక్క కోసం నేను అనుకున్నవి. మీ బిల్డింగ్‌కి కాంట్రాక్టర్‌ను పిలిచి రాయించుకోవాలి. చదరపు అడుగుకు 12 డాలర్ల చొప్పున కొత్త రూఫ్ 1,20,000, ఆయుష్షు 20 ఏళ్లు. 14 ఏళ్లు అయిపోయాయి కాబట్టి అమ్మేవాడు ఆ రూఫ్‌లో 84,000 డాలర్ల విలువ వాడేసుకున్నాడు. ఆ వాడేసిన భాగానికి మళ్లీ డబ్బు పెట్టాల్సింది మీరే. అంటే మీ అసలు ఖరీదు 20,84,000. ఇక ముందు ఏటా రూఫ్ కోసం 6,000, పార్కింగ్ లాట్ కోసం 3,000 పక్కన పెట్టాలి. అద్దెలోంచి అవి తీసేస్తే 1,21,000. దీన్ని 20,84,000తో భాగించండి. 5.8 శాతం.

నిజంగా 6.5 కావాలంటే ఎంతకు కొనాలి? 1,21,000ను 0.065తో భాగిస్తే సుమారు 18,61,500. అందులోంచి 84,000 తీసేస్తే 17,77,500. అడిగిన ధరకు, దీనికి మధ్య తేడా రెండు లక్షల పైచిలుకు డాలర్లు. అదంతా ఆ నాలుగు లైన్ల వాక్యంలోనే ఉంది.

అకౌంటింగ్ తెలిసిన ఒకరు ముందే అడ్డుపడ్డారు: రూఫ్ మార్చడం పెట్టుబడి ఖర్చు, నికర ఆదాయంలోంచి దాన్ని తీయకూడదు కదా అని. మీ పుస్తకం ప్రకారం మీరే రైట్. బ్రోకర్ చెప్పేదీ అదే. కానీ డబ్బు పోయేది నా జేబులోంచి. పైగా లోన్ ఇచ్చే బ్యాంకులు కూడా చాలావరకు ఇలా ముందు ఖర్చుల కోసం పక్కన పెట్టే డబ్బు (రిజర్వ్) తీసేసి చూస్తాయి. వాళ్లు చేసే పని మనం చేస్తే తప్పేముంది?

1031 ఎక్స్‌ఛేంజ్‌లో ఉన్నవాళ్లకు, అంటే అమెరికా పన్ను చట్టం ప్రకారం ఒక పెట్టుబడి ప్రాపర్టీ అమ్మి ఇంకోటి కొని లాభం మీద పన్నును వాయిదా వేసుకునేవాళ్లకు, ఒక మాట. పాత ప్రాపర్టీ అమ్మిన రోజు నుంచి 45 రోజుల్లో కొత్తదాన్ని గుర్తించి రాసివ్వాలి, 180 రోజుల్లో కొనడం పూర్తవ్వాలి. శని, ఆదివారాలు, సెలవులు అన్నీ లెక్కలోకే వస్తాయి. రీప్లేస్ ఉందా లేదా చూడకుండా సంతకాలు పెట్టేది ఎక్కువగా ఆ 45 రోజుల చివరి వారంలోనే. టెన్షన్‌లో అరవై పేజీలు ఎవరు చదువుతారు? అందుకే అమ్మకం మొదలుపెట్టకముందే మూడు నాలుగు లీజులు తెప్పించుకుని చదివి ఉంచుకోండి.

‘అద్దెదారు పెద్ద కంపెనీ అయితే ఇవన్నీ అక్కర్లేదు కదా’ అన్న ప్రశ్న చాలామంది అడిగారు. పెద్ద కంపెనీలకు పెద్ద లాయర్లు ఉంటారు, లీజు వాళ్లే రాస్తారు. అమెరికాలో మందుల దుకాణాలు నడిపే వాల్‌గ్రీన్స్ పాత లీజుల్లో 75 ఏళ్లు అని ఉంటుంది. లోపల చూస్తే మొదటి 20, 25 ఏళ్ల తర్వాత అయిదేళ్లకోసారి వాళ్లు వెళ్లిపోవచ్చు, మీరు మాత్రం పంపలేరు. ఆ కంపెనీయే 2024 అక్టోబరులో మూడేళ్లలో 1,200 దుకాణాలు మూసేస్తామని ప్రకటించింది. అద్దెకు గ్యారంటీ ఇచ్చింది పెద్ద కంపెనీ కాకుండా, దాని పేరుతో దుకాణం నడుపుకునే ఫ్రాంచైజీ వాడు అయితే ఏమవుతుందో విడిగా చెప్పక్కర్లేదనుకుంటాను.

అభ్యాసం. ఈసారి కొంచెం కష్టం. ఏ బ్రోకర్‌నైనా అడిగి ఒక పూర్తి లీజు, దాని సవరణలన్నీ సంపాదించండి. సవరణలు మర్చిపోకండి, మొదటి లీజులో ఉన్నది మూడో సవరణలో తలకిందులు అవుతుంది. బ్రోషర్ తెరవకుండా లీజు మొదటి నుంచి చివరిదాకా పెన్సిల్‌తో చదివి, ల్యాండ్‌లార్డ్ చేయాలి అన్న ప్రతి వాక్యం కింద గీత పెట్టండి. తర్వాత రూఫ్ పైపొర, రూఫ్ స్ట్రక్చర్, గోడలు, ఏసీ, పార్కింగ్ లాట్, భూమిలోపలి పైపులు, ఈ ఆరింటికీ మెయింటెయిన్ ఎవరు, రిపేర్ ఎవరు, రీప్లేస్ ఎవరు అని పద్దెనిమిది గళ్లు నింపండి. ప్రతి గడిలో పేజీ నంబరు రాయాలి. మాట లేని గడిలో మీ పేరే రాయండి. చివర్లో ధర మీరే కట్టి, అప్పుడు బ్రోషర్ తెరిచి వాళ్లు అడిగిన ధర పక్కన పెట్టి చూడండి. నాకు పంపేటప్పుడు గళ్ల కాగితం కూడా పంపండి, ఉత్త శాతం పంపితే చూడను.