దూరదర్శిని తయారీ – 3వ పాఠం: గొట్టం ఎంత పొడవుండాలి?

కిందటి పాఠంలో దూరపు మేడ బొమ్మను గోడ మీద పడేలా చేసి, కటకానికీ గోడకూ మధ్య దూరం కొలిచాం, అదే నాభ్యంతరం. విజయవాడ గవర్నరుపేటలో కళ్లద్దాల దుకాణం నుంచి తెచ్చిన ప్లస్ 1 పవరు చత్వారపు అద్దానికి అది 100 సెం.మీ. వచ్చింది. 100ను పవరుతో భాగించినా ఇదే అంకె వస్తుంది. గడియారాలు బాగుచేసేవారు కంటికి తగిలించుకునే భూతద్దానికి 5 సెం.మీ. వచ్చింది. మొదటిది చూసే వస్తువు వైపు ఉండే వస్తు కటకం, రెండోది కంటి వైపు ఉండే అక్షి కటకం.

ఇంద్రకీలాద్రి మీదికి వచ్చిన నిండు చంద్రుణ్ణి వస్తు కటకంతో కాగితం మీద పట్టండి. 100 సెం.మీ. దూరాన దాదాపు 9 మి.మీ. వెడల్పున, శనగగింజంత చంద్రుడు తలకిందులుగా పడతాడు. ఆ గింజను 100 సెం.మీ. దూరం నుంచి చూస్తే ఆకాశంలో చంద్రుడు ఎంత కనిపిస్తాడో అంతే కనిపిస్తుంది. కాగితం తీసేసి, బొమ్మ ఏర్పడిన చోటుకు 5 సెం.మీ. ఇవతల అక్షి కటకాన్ని ఉంచితే, అదే గింజను 5 సెం.మీ. దగ్గర నుంచి చూసినట్టవుతుంది. 100ను 5తో భాగించగా 20 రెట్లు, అదే ఆవర్ధనం; రెండూ కలిపితే 105 సెం.మీ., అదే కటకాల మధ్య దూరం.

2.5 సెం.మీ. అక్షి కటకంతో 40 రెట్లు వస్తుంది కానీ, బొమ్మ మసకబారి, అంచుల్లో రంగులు తేలి, చెయ్యి కాస్త కదిలితే చాలు చంద్రుడు పారిపోతాడు. మొదటిసారికి 20 చాలని నా అభిప్రాయం. నాభ్యంతరం పెంచి ఆ రంగుల బాధ తగ్గించడానికే 17వ శతాబ్దంలో పోలండ్ ఖగోళ శాస్త్రవేత్త హెవేలియస్ 150 అడుగుల దూరదర్శినిని స్తంభానికి తాళ్లతో వేలాడదీశాడు.

నేను మొదట పీవీసీ గొట్టాన్ని సరిగ్గా 105 సెం.మీ.కు కోసి, రెండు కటకాలనూ జిగురుతో అతికించేశాను. చంద్రుడు చక్కగా కనిపించాడు కానీ, 20 మీటర్ల దూరంలోని ఎదురింటి నీళ్ల ట్యాంకు ఎంత తిప్పలు పడినా అలుక్కుపోయినట్టే ఉంది. దగ్గరి వస్తువు బొమ్మ నాభికి, అంటే దూరపు వస్తువుల బొమ్మ పడే చోటుకు, వెనక్కి కంటి వైపు జరుగుతుంది. ఆ ట్యాంకుకు ఇంకా 5 సెం.మీ. పైగా పొడవు కావాలి. అందుకే అక్షి కటకాన్ని వేరే గొట్టంలో బిగించి, పెద్ద గొట్టంలో ముందుకూ వెనక్కూ జరిగేలా అమర్చాలి. ఏ గొట్టంతోనైనా సూర్యుణ్ణి మాత్రం చూడకండి, కన్ను పోతుంది.

వచ్చే పాఠానికి ముందు ప్లస్ 2 అద్దంతో, ఇదే భూతద్దంతో ఆవర్ధనమూ పొడవూ లెక్కగట్టి, రెండు గొట్టాలూ కొలిచి ఉంచుకోండి.