పాత మిలిటరీ జీపుకు అసలు పార్టులు ఏరుకోవడం ఎలా

రెండో ప్రపంచ యుద్ధం నాటి జీపును అమెరికన్ సైన్యం తన కాగితాల్లో పావు టన్ను ట్రక్కు అని రాసుకుంది. విల్లీస్ చేసింది ఎంబీ, అదే నమూనాలో ఫోర్డ్ చేసింది జీపీడబ్ల్యూ. మీ బండి ఈ రెంటిలో ఏదో తేలేదాకా ఒక్క బోల్టు కూడా కొనొద్దు.

రేడియేటర్ కింద ఛాసిస్‌కు అడ్డంగా ఉన్న క్రాస్ మెంబర్ చూడండి. గుండ్రటి గొట్టమైతే విల్లీస్, బోర్లించిన తొట్టిలా ఉంటే ఫోర్డ్. ఇంజిన్ నంబరును మాత్రం నమ్మొద్దు. ఆర్మీ వర్క్‌షాపుల్లో ఇంజిన్లు ఎడాపెడా మార్చేశారు, కాబట్టి ఫోర్డ్ ఛాసిస్‌లో ఎంబీ ఇంజిన్ కనబడితే అది మోసం కానక్కర్లేదు. ఈ జీపులకు అమెరికన్ సైన్యం వేసిన జీ-503 పార్టుల పుస్తకం ప్రింటు తీసి వెంట ఉంచుకోండి.

విజయవాడ ఆటోనగర్‌లో అడిగినా, చెన్నై పుదుపేటలో అడిగినా "జీపు పార్టా, ఉంది సార్" అంటారు. అబద్ధమేమీ కాదు. కాకపోతే అది చాలాసార్లు యుద్ధం తర్వాతి మహీంద్రా జీపుది. బోల్టులు సరిపోతాయి, లోపల తేడా కొడుతుంది.

అన్నిటికంటే ఖరీదైన పొరపాటు డిఫరెన్షియల్ దగ్గర, అంటే యాక్సిల్ మధ్య చక్రాలను తిప్పే గేర్ల పెట్టె దగ్గర జరుగుతుంది. అందులో పెద్ద గేరు క్రౌన్, చిన్నది పినియన్. యుద్ధకాలం క్రౌన్-పినియన్ 39కి 8 పళ్లు, అంటే నిష్పత్తి 4.88. తర్వాతివి ఎక్కువగా 43కి 8, అంటే 5.38. ముందొకటి వెనకొకటి బిగించి ఫోర్ వీల్ వేస్తే రెండు యాక్సిళ్లూ ఒకదాన్నొకటి లాక్కుంటాయి. తార్రోడ్డు మీద టైర్లు గీరుకుపోతాయి, ఫోర్ వీల్ లివరు బయటికి రాదు, చివరికి గేర్లు పోతాయి. కొట్లో విప్పనివ్వకపోయినా లెక్క తేల్చొచ్చు. ఒక చక్రాన్ని కదలకుండా పట్టించి, ప్రొపెల్లర్ షాఫ్టు బిగించే ఫ్లాంజ్ మీద సుద్దముక్కతో గీత పెట్టి, రెండో చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. గీత ఐదు చుట్లు నిండకుండానే ఆగితే 4.88. ఐదు దాటి ఇంకో పావు చుట్టు కూడా మించితే వదిలేయండి. వెనక హబ్ మధ్యలో ఆరు బోల్టుల ఫ్లాంజ్ ఉండాలి, ఒక్క పెద్ద నట్టు కాదు.

ఇంజిన్ లోపలా ఇదే తంతు. యుద్ధకాలం ఇంజిన్లో వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్‌ను టైమింగ్ చెయిన్ తిప్పుతుంది, తర్వాత గేర్లు వచ్చాయి. గేర్లతో క్యామ్ ఎదురు దిక్కుకు తిరుగుతుంది కనుక ఆ క్యామ్, ఆ ఆయిల్ పంపు మనకు పనికిరావు. ఫ్లైవీల్ రింగుకు 97 పళ్లుండాలి. 124, 129 పళ్లవి యుద్ధం తర్వాతి బండ్లవి, వాటితో మన సెల్ఫ్ మోటారు కలవదు.

ఫోర్డ్ తన పార్టుల మీదా, బోల్టు తలల మీదా ఎఫ్ అచ్చు కొట్టింది. ఇప్పుడు కొత్త బోల్టుల మీదా కొడుతున్నారు. కిరసనాయిలుతో తుడిచి అక్షరం లోతులోకి చూడండి. చుట్టూ తుప్పు గుంటలుండి అక్షరం లోపల మాత్రం లోహం తళతళలాడుతుంటే అది నిన్న కొట్టిన అచ్చు.

ఈ మిలిటరీ జీపులకు వాడిన కంబాట్ రిమ్ము రెండు ముక్కలుగా ఉంటుంది, వాటిని ఎనిమిది నట్లు పట్టి ఉంచుతాయి. ట్యూబులో గాలి పూర్తిగా తీశాకే అవి విప్పాలి. గాలి ఉండగా విప్పితే రిమ్ము ఎగిరి ప్రాణం తీస్తుంది. హబ్‌కుండే ఐదు నట్లు వేరు. ఎడమవైపు చక్రాలకు అవి ఎడమ చుట్లవి, మామూలుగా తిప్పితే ఇంకా బిగుసుకుని స్టడ్డు విరుగుతుంది.

బ్రేకు గొట్టాలు, రబ్బరు కప్పులు సీలు విప్పని పెట్టెలో దొరికినా తీసుకోవద్దు. 80 ఏళ్ల రబ్బరది, కొత్తవి వేయండి.