మబ్బు నెలలు రాకముందే కాక్టస్‌ను ఓసారి పరీక్షించండి

ఇంట్లో పెంచే కాక్టస్ నీళ్లు లేక చచ్చేది తక్కువ. వెలుతురు తగ్గి మట్టి ఆరని రోజుల్లో పోసిన నీళ్లకే ఎక్కువగా పోతుంది. అందుకే మబ్బు పట్టే నెలలు మొదలవకముందే చెకప్ చేసేయాలి. ముసురులో కోత పెడితే గాయం త్వరగా ఆరదు.

ముందు మొక్క మొదలు దగ్గర చూడండి. గోధుమ రంగు కనిపించగానే టెన్షన్ పడక్కర్లేదు. పెన్ను వెనక వైపుతో నొక్కితే గట్టిగా ఉందా, అది వయసుతో వచ్చే మార్పే. మెత్తగా లోపలికి దిగినా, నీరు కారినా, వాసన వచ్చినా కుళ్ళు పట్టినట్టే.

ఎక్కువమంది పొరబడేది ముడతల దగ్గర. మొక్క ముడుచుకోగానే దాహమనుకుని నీళ్లు పోసేస్తారు. వేళ్లు కుళ్ళినా అలాగే ముడుచుకుంటుంది, మట్టిలో తడి ఉన్నా పీల్చడానికి వేళ్లుండవు కాబట్టి. వెదురు పుల్లను అడుగుదాకా గుచ్చి, కాసేపాగి తీయండి. పొడిగా వస్తే నిండుగా నీళ్లు పోయండి, కొద్ది రోజుల్లో తేరుకుంటుంది. తడిగా వస్తే మాత్రం కుండీలోంచి తీయాల్సిందే. మడిచిన న్యూస్‌పేపర్‌తో చుట్టి పట్టుకుంటే ముళ్లు గుచ్చుకోవు. మంచి వేళ్లు గట్టిగా ఉంటాయి, కుళ్ళినవి నల్లబడి లాగగానే ఊడొస్తాయి.

కుళ్ళు కాండంలోకి పాకితే స్పిరిట్‌తో తుడిచిన కత్తితో పైభాగాన్ని కోసి బతికించుకోవాలి. కోసిన చోట మధ్య వలయంలో చిన్న గోధుమ చుక్క కనిపించినా, ఇంకాస్త పైకి కోయండి. ప్రతి కోతకూ కత్తి మళ్లీ తుడవాలి. ఇక్కడ జాలి పనికిరాదు, మిగిల్చిన మచ్చే మళ్లీ పాకుతుంది. ఆ ముక్కను గాలి తగిలే నీడలో పక్కు కట్టేదాకా ఆరనివ్వండి. సన్నవాటికి వారం చాలు, లావువాటికి రెండు మూడు వారాలైనా పట్టొచ్చు. తర్వాత పొడి మట్టి మీద నిలబెట్టి, వేళ్లు మొదలయ్యాకే నీళ్లివ్వండి. ఎరుపు, పసుపు బంతుల్లా అమ్మే అంటు కాక్టస్‌కు ఈ వైద్యం పనిచేయదు. ఆ రంగు భాగంలో పత్రహరితం ఉండదు, కింది ఆకుపచ్చ కాండం లేకుండా అది బతకలేదు.

ముళ్ల మొదళ్లలో తెల్లటి దూది ముద్దలుంటే పిండినల్లి. 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన ఇయర్‌బడ్‌తో తుడవండి. ముందు ఒక మూల రాసి చూడటం మంచిది, తుడిచాక కొన్నాళ్లు నేరుగా ఎండ తగలనివ్వకండి. గుడ్లు మిగులుతాయి, కాబట్టి వారానికోసారి కొన్ని వారాలపాటు చేయాలి. వేళ్ల మీద తెల్లపొడి కనిపిస్తే పాత మట్టంతా కడిగేసి, వేళ్లు ఆరాక కొత్త మట్టిలో నాటండి. ఎర్రనల్లి పొడిగాలిలో వస్తుంది, ఈ నెలల్లో దాని బెడద తక్కువే.

కుండీకి అడుగున చిల్లు లేకపోతే ఇప్పుడే మార్చండి. మట్టిలో సగం పెర్లైటో (మట్టిని గుల్లగా ఉంచే తేలికపాటి తెల్ల గుళికలు) ముతక ఇసుకో ఉండాలి. పైన జిగురుతో అతికించిన గులకరాళ్లుంటే పీకేయండి, అందం కన్నా మట్టి ఆరడం ముఖ్యం. మార్చాక వారం దాకా నీళ్లు వద్దు.

సీజనంతా ఎరువు ఆపేసి, మట్టి పూర్తిగా ఎండాకే నీళ్లు పోయండి. అయినా కొస సన్నగా, పాలిపోయి సాగుతుంటే వెలుతురు చాలడం లేదన్నమాట. అప్పుడు కిటికీకి దగ్గరగా జరపండి. సాగిన భాగం మళ్లీ లావెక్కదు. ఎండలు తిరిగొచ్చాక మాత్రం ఒక్కసారిగా బయట పెట్టకండి. రోజుకు గంటతో మొదలుపెట్టి పెంచండి, లేదంటే ఎండ వైపు తెల్లగా కాలిన మచ్చ పడి అలాగే ఉండిపోతుంది.