ముందు గీత ఎక్కడుందో చూడన్నా

"అన్నా, సగం నురగే పోశావ్, బీరేది?"

గచ్చిబౌలిలో ఒక మైక్రోబ్రూవరీ, అంటే బీరు అక్కడే తయారుచేసి పోసే బార్, దాని కౌంటర్ వెనక నిలబడి తొమ్మిదేళ్లుగా వింటున్న మాట ఇది. 650 మి.లీ. సీసాలోంచి, గ్లాసు వంచి, చుక్క నురగ రాకుండా ఒంపుకోవడం అలవాటైన వాళ్లం కదా, నురగ కనిపిస్తే మోసం అనిపిస్తుంది. కొత్తగా చేరే కుర్రాళ్లకి నేను మొదట చెప్పేది మాత్రం దానికి రివర్స్: తమ్ముడూ, బీరు వాసనంతా నురగలోంచే ముక్కుకి తగులుతుంది, దానికి చోటు లేని గ్లాసు తియ్యకు.

మా దగ్గర ఎక్కువ పోయేది గోధుమ బీరు, అంటే హెఫెవైజెన్. దీని గ్లాసు జర్మనీది. పొడుగ్గా, నడుము సన్నగా, పైకి వెళ్లేకొద్దీ విచ్చుకుని ఉంటుంది. అంచుకి బాగా కింద అర లీటరుకి ఒక గీత ఉంటుంది. బీరు ఆ గీత దాకా, నురగ ఆ పైన. ఎవరైనా గొడవకొస్తే వేలితో గీత చూపిస్తాను, మారు మాట్లాడరు. గీతలేని గ్లాసులు కొనే ఓనర్లకి నా దండం.

పోసే పద్ధతి ఇదీ. గ్లాసు లోపల చల్లటి నీళ్లతో ఒకసారి తడిపి వంపేయాలి, లేకపోతే నురగ అదుపు లేకుండా పొంగుతుంది. 45 డిగ్రీలు వంచి గోడ వెంబడి పోస్తూ, ముప్పాతిక నిండాక నిలబెట్టాలి. ట్యాప్ మూతి గ్లాసుకి గానీ బీరుకి గానీ తగలకూడదు. సీసా అయితే చివర కొంచెం ఆపి, సీసాని గుండ్రంగా తిప్పి, అడుగున పేరుకున్న ఈస్ట్ కదిలాక ఆ మిగిలింది పోయాలి. అంచుకి నిమ్మ ముక్క గుచ్చొద్దు, తొక్కలో నూనె నురగని చంపేస్తుంది. అడిగితే సాసర్‌లో పక్కన పెట్టండి.

పింట్ దగ్గర అందరూ తికమక పడతారు. మన వైన్ షాపులో పైంట్ అంటే 330 మి.లీ. సీసా. లండన్ పబ్బులో అడిగితే 568 మి.లీ. ఇస్తారు, అమెరికాలో పింట్ అంటే 473. బ్రిటిష్ వాళ్ల నానిక్ గ్లాసుకి అంచు కింద ఒక ఉబ్బు ఉంటుంది. అది అందానికి కాదు. ఒకదాంట్లో ఒకటి పెడితే ఇరుక్కోకుండా, అంచులు పెచ్చులూడకుండా కాపాడేది అదే. అమెరికా షేకర్ గ్లాసుకి ఆ ఉబ్బు లేదు. అసలది కాక్‌టెయిల్ కలపడానికి వాడేది, చవకని, గట్టిదని బీరుకి దింపారు. చేరిన కొత్తలో రెండు ఇరుక్కుపోతే బలంగా లాగాను, అరచేతికి నాలుగు కుట్లు పడ్డాయి. ఇప్పుడైతే లోపలి గ్లాసులో చల్లటి నీళ్లు పోసి, బయటి దాన్ని గోరువెచ్చటి నీళ్లలో ముంచుతాను. కాసేపటికి దానంతటదే వదిలేస్తుంది.

ఆల్కహాల్ ఎనిమిది శాతం దాటిన బెల్జియన్ బీర్లకి ట్యులిప్ గ్లాసు. మూతి దగ్గర ముడుచుకుంటుంది కాబట్టి వాసన నిలుస్తుంది. 250 మి.లీ. పోస్తే చాలు. కొలోన్ నగరంలో కోల్ష్ బీరుకి వాడే 200 మి.లీ. సన్నటి గ్లాసు నాకు భలే ఇష్టం. అక్కడ గ్లాసు ఖాళీ కాగానే అడక్కుండానే ఇంకోటి పెట్టేస్తారు, చాలనుకుంటే గ్లాసు కింద వేసే అట్ట, అదే కోస్టర్, తీసి గ్లాసు మీద పెట్టాలి. మ్యూనిక్ లీటరు మగ్గు ఫొటోకి బాగుంటుంది. మన మే నెలలో దాంట్లో పోస్తే సగం తాగేసరికి బీరు కషాయమే, చిన్న గ్లాసులో రెండుసార్లు తీసుకోమని చెప్తాను.

గ్లాసుల్ని ఫ్రీజర్‌లో పెట్టమని అడిగేవాళ్లున్నారు. పెట్టొద్దు. లోపల గడ్డకట్టిన మంచు తగిలి బీరు పిచ్చిగా పొంగుతుంది, పైగా చల్లదనానికి నాలుక మొద్దుబారి రుచే తెలియదు.

ఇంత చేసినా గ్లాసుకి జిడ్డుంటే అంతా వృథా. చికెన్ 65 తిన్న మూతి, లిప్‌స్టిక్, ప్లేట్లు కడిగిన సింకు, ఈ మూడూ నురగకి శత్రువులు. గ్లాసులకి వేరే సింకు, వేరే బ్రష్ ఉండాలి. గుడ్డతో తుడవకుండా జాలీ మీద బోర్లించి ఆరనివ్వాలి. అనుమానముంటే లోపల తడిపి ఉప్పు చల్లండి, జిడ్డున్న చోట ఉప్పు అంటదు.

అంత టైమ్ లేని శనివారం రాత్రి బీరు పోశాక గోడలు చూడండి. బుడగలు గాజుకి అతుక్కుని ఉంటే ఆ గ్లాసు శుభ్రంగా లేనట్టే. కస్టమర్ చెయ్యి వెయ్యకముందే వెనక్కి తీసుకుని, వేరేదాంట్లో పోసివ్వండి.