తాళంచెవి చూసి అడ్వాన్సు ఇవ్వకండి: విశాఖలో అద్దె ఇల్లు వెతికేవారికి జాగ్రత్తలు

మొన్న మధురవాడలో ఒకే ఫ్లాటు ముందు రెండు కుటుంబాలు సామాను వ్యాన్లతో ఎదురుపడ్డాయి. రెండు కుటుంబాల దగ్గరా ఒకే మనిషి మూడు నెలల అద్దె అడ్వాన్సుగా పుచ్చుకున్నాడు. ఇద్దరికీ తలుపు తాళం తీసి, వంటగది నుంచి బాల్కనీ దాకా దగ్గరుండి తిప్పి చూపించాడు. ఎదురు ఫ్లాటువాళ్ళను అడిగితే అప్పుడు తేలింది, అతను యజమాని కాదని, కొద్ది రోజులకని ఆ ఇంట్లో అద్దెకు దిగినవాడని. అసలు యజమాని విదేశంలో ఉన్నారు. ఇతని ఫోను మూగబోయింది. మోసపోయిన కుటుంబాల్లో ఒకటి మాకు తెలిసినవారిదే. పిల్లల చదువు కోసం శ్రీకాకుళం నుంచి వచ్చారు.

ఇలాంటివి ఈ రోజుల్లోనే ఎక్కువగా వినిపించడానికి కారణం ఉంది. జూన్ 12 నాటికి బడులు తెరుస్తారు. ఈలోగా సీటు, ఇల్లు రెండూ కుదరాలి. దాటితే ఆషాఢం వచ్చేస్తుంది, కొత్త ఇంట్లో పాలు పొంగించడానికి పెద్దవాళ్ళు ఒప్పుకోరు. ఈ తొందర మీకెంత తెలుసో, మోసగాడికీ అంతే తెలుసు. వాడి పెట్టుబడి అదే.

గదులు ఎన్ని, గాలి వస్తుందా, వాస్తు ఎలా ఉంది వంటివి మీరే చూసుకుంటారు. వాటి జోలికి నేను పోను.

దూరం, అద్దె

విశాఖ గుండ్రంగా పెరిగిన ఊరు కాదు. ఒకవైపు సముద్రం, మరోవైపు సింహాచలం కొండలు, మధ్యలో జాతీయ రహదారి వెంబడి ఆనందపురం నుంచి కూర్మన్నపాలెం దాకా సాగిపోయిన ఊరు. అందుకే ‘సిటీకి దగ్గర’ అనే మాటకు ఇక్కడ అర్థం లేదు. స్టీలు ప్లాంటులో పనిచేసేవారికి మధురవాడ దగ్గర కాదు, రుషికొండలో పనిచేసేవారికి గాజువాక దగ్గర కాదు. ముందు భార్యాభర్తల ఉద్యోగాలు, పిల్లల బడి ఎక్కడో చూసుకుని, ఊరి ఏ కొసన ఉండాలో తేల్చుకోండి. ఆ తరువాతే టూ-లెట్ బోర్డులు.

అద్దె తగ్గాలంటే తగరపువలస, పెందుర్తి, కొత్తవలస, సబ్బవరం, లంకెలపాలెం, అనకాపల్లి వైపు జరగాలి. తగరపువలసకు 222, కొత్తవలసకు 28కె నంబరు బస్సులు ఉన్నాయి. పెందుర్తి, కొత్తవలస రైలు మార్గం మీద కూడా ఉన్నాయి కాబట్టి ప్యాసింజరు రైలు వేళలు మీ డ్యూటీకి కుదిరితే సీజన్ టికెట్టుతో ఖర్చు బాగా కలిసివస్తుంది. 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో మహిళలకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఇంట్లో ఉద్యోగానికి వెళ్ళే మహిళలు ఉంటే దూరం లెక్క మారిపోతుంది. ఆ సంగతి మరిచిపోయి అద్దె లెక్క వేసేవారు చాలామంది కనిపిస్తారు.

దూరాన్ని కిలోమీటర్లలో కొలవకండి. ఆదివారం మధ్యాహ్నం బండి మీద వెళ్ళి ‘అరగంటే పట్టింది’ అనుకోవడం అన్నిటికన్నా చెడ్డ కొలత. పనిరోజున ఉదయం మీరు బయలుదేరే వేళకే ఆ ఇంటి దగ్గర బస్సు ఎక్కి ఆఫీసు దాకా వెళ్ళండి. హనుమంతవాక, ఎన్‌ఏడీ కూడలి, గాజువాక దాటడానికి ఎంత పడుతుందో అప్పుడు తెలుస్తుంది. రాత్రి ఆఖరి బస్సు ఎప్పుడో కండక్టరును అడగండి, ఇంటివారిని కాదు.

ఇంకొకటి. అద్దె చుట్టుపక్కల కంటే తక్కువగా ఉంటే ఎందుకు తక్కువో అడగండి. పోర్టు దగ్గరి పాతబస్తీ, జ్ఞానాపురం వైపు బొగ్గు ధూళి కిటికీ గట్టు మీద వేలితో గీస్తే తెలుస్తుంది. ఆయాసం ఉన్న పెద్దవాళ్ళో పసిపిల్లలో ఉంటే అక్కడ అద్దె ఆదా చేసి మందుల దుకాణంలో కడతారు. 2020 మే 7న గోపాలపట్నం దగ్గర ఆర్‌.ఆర్‌. వెంకటాపురంలో తెల్లవారుజామున స్టైరీన్ ఆవిరి లీకై నిద్రలో ఉన్నవారి ప్రాణాలు తీసింది. కర్మాగారం గోడ పక్కనే ఇల్లు చవకగా దొరికిందని సంతోషించే ముందు లోపల ఏం తయారవుతోందో కనుక్కోండి.

నీళ్ళు, కరెంటు

వీటి గురించి రెండే మాటలు. ఇల్లు మే నెలలో చూస్తున్నారంటే అదృష్టమే అనుకోండి, నీళ్ళ బండారం ఇప్పుడే బయటపడుతుంది. మున్సిపల్ కుళాయి ఎన్నింటికి వస్తుంది, ఎంతసేపు వస్తుంది, బోరు నీళ్ళు ఉప్పగా ఉన్నాయా, ట్యాంకరు తెప్పిస్తే ఖర్చు ఎవరిది? ఈ ప్రశ్నలు అదే భవనంలో అద్దెకున్నవారిని అడగాలి. కరెంటు మీటరు మీ పోర్షనుకు విడిగా ఉండాలి. మూడు పోర్షన్లకు ఒకే మీటరు ఉంటే అందరి యూనిట్లూ ఒకే ఖాతాలో కలిసి పై శ్లాబుకు చేరతాయి, యూనిటు ధర పెరుగుతుంది. మీరు ఫ్యాను ఒక్కటే తిప్పినా పక్కవారి ఏసీ ధరకే కడతారు.

అసలు తప్పు

ఇక్కడి నుంచి మెల్లగా చదవండి.

అద్దె ఇళ్ళ విషయంలో నేను చూసిన నష్టాల్లో పెద్దవన్నీ ఒక్క తప్పు దగ్గరే మొదలయ్యాయి. ఇల్లు ఎవరిదో తేలకముందే అడ్వాన్సు ఇవ్వడం. చదువుకున్నవారు, బ్యాంకుల్లో పనిచేసేవారు, పది రూపాయల కొత్తిమీరకు బేరమాడేవారు కూడా ఈ ఒక్క చోట కళ్ళు మూసుకుంటారు. ఎందుకంటే వాళ్ళు ఇల్లు చూశారు. గోడ తట్టి చూశారు. తాళం తీసిన మనిషిని చూశారు. కళ్ళతో చూసిన తరువాత ఇంకేం అనుమానం అనుకుంటారు.

తాళం తీసి చూపించినవాడు యజమాని అని ఎవరు చెప్పారు? తాళంచెవి వాచ్‌మన్ దగ్గర ఉంటుంది. బ్రోకరు దగ్గర ఉంటుంది. ఖాళీ చేస్తున్న పాత అద్దెదారు దగ్గర, రంగులు వేసే మేస్త్రి దగ్గర, యజమానితో ఆస్తి తగాదా ఉన్న తమ్ముడి దగ్గర కూడా ఉంటుంది. నాలుగు రోజులకని ఫ్లాటు తీసుకున్నవాడి దగ్గరా ఉంటుంది, మధురవాడలో జరిగింది అదే. విశాఖలో ఫ్లాటు కొని అమెరికాలోనో హైదరాబాదులోనో ఉండేవారు ఎందరో. వాళ్ళ ఇళ్ళు ఇక్కడ వేరేవాళ్ళ చేతుల మీదుగా నడుస్తాయి. అందులో చాలామంది నిజాయితీపరులే. ఎవరు నిజాయితీపరులో ముఖం చూసి చెప్పలేం కాబట్టి కాగితం చూడాలి.

చూడవలసినవి మూడు. ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు, యజమాని ఆధార్ కార్డు. మూడింటిలోనూ పేరు ఒకటే ఉండాలి. జీవీఎంసీ (విశాఖ మహానగర పాలక సంస్థ) పరిధిలో అయితే పన్ను రసీదు మీద అసెస్‌మెంట్ నంబరు ఉంటుంది; ఆ నంబరుతో మున్సిపల్ శాఖ వెబ్‌సైట్‌లో మీరే సరిచూసుకోవచ్చు. ఆనందపురం, సబ్బవరం, కొత్తవలస వైపు పంచాయతీ రసీదు అడగండి. కరెంటు బిల్లు ఒక్కటే చూసి సరిపెట్టుకోకండి, చాలా అపార్ట్‌మెంట్లలో అది ఇంకా బిల్డరు పేరునో పాత యజమాని పేరునో వస్తూ ఉంటుంది. పేర్లు కలవకపోతే మోసమనే కాదు, తండ్రి పోయి కొడుకు పేరుకు మారకపోయి ఉండవచ్చు. అలాంటప్పుడు ఆ సంగతి చెప్పే కాగితం చూపించమనండి. చూపించేదాకా పైసా ఇవ్వకండి.

యజమాని ఊళ్ళో లేకపోతే వీడియో కాల్‌లో మాట్లాడండి. బంధువు చూసుకుంటున్నాడంటే అతని పేరున జీపీఏ (యజమాని తరఫున వ్యవహరించే అధికారం ఇచ్చే పత్రం) ఉందేమో చదవండి, అందులో అద్దెకు ఇచ్చే అధికారం రాశారో లేదో చూడండి. జీపీఏ లేదు, నోటిమాటే అంటే, అడ్వాన్సు నేరుగా యజమాని బ్యాంకు ఖాతాకే పంపుతానని చెప్పండి. మంచి మధ్యవర్తికి ఈ మాటతో ఏ ఇబ్బందీ ఉండదు. ‘నా మీద నమ్మకం లేదా?’ అని నొచ్చుకున్నాడంటే అక్కడితో ఆపేయండి. నిజమైన బంధువు నొచ్చుకోడు, ఫోను కలిపి ఇస్తాడు.

మళ్ళీ చెబుతున్నాను. ఇల్లు చూడటం వేరు, ఇల్లు ఎవరిదో చూడటం వేరు. రెండోది కానిదే టోకెన్ అని రెండు వేలు కూడా ఇవ్వకండి. రెండు వేలు ఇచ్చినవారు ఆ రెండు వేలు పోతాయనే భయంతో మిగిలిన నలభై వేలూ ఇస్తారు. ఇచ్చాక అనుమానం వచ్చినా మనసుకు నచ్చజెప్పుకుంటారు. టోకెన్ పని అదే.

విశాఖలో ఈ మోసానికి ఇంకొక వేషం ఉంది. ఇది తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం ఉన్న ఊరు కదా, యూనిఫారం అంటే మనకు గౌరవం. ఆన్‌లైన్‌లో మంచి ఫ్లాటు ఫొటోలు పెట్టి, తక్కువ అద్దె చెప్పి, ‘నేను నేవీలో ఉన్నాను, బదిలీ అయ్యింది, మంచి కుటుంబం దొరికితే చాలు’ అంటారు. గుర్తింపు కార్డు ఫొటో పంపుతారు. ఇల్లు చూడాలంటే గేటు పాసుకు కొంత కట్టాలంటారు, లేదా మీ ఖాతా సరిచూడటానికి క్యూఆర్ కోడ్ స్కాన్ చేయమంటారు. నిజంగా నేవీలో ఉన్నవారెవరూ ఇల్లు చూడటానికి మీ దగ్గర డబ్బు అడగరు. డబ్బు మీ ఖాతాలోకి రావడానికి పిన్ నొక్కనక్కరలేదు. పిన్ నొక్కమన్నారంటే డబ్బు పోతుందన్నమాట.

‘అద్దె లేదు, లీజుకు ఐదు లక్షలు ఇవ్వండి, ఖాళీ చేసేటప్పుడు తిరిగి ఇస్తాం’ అనే ఇళ్ళ దగ్గర ఇదే తప్పు పదింతలు ఖరీదు. ఆ ఇంటి మీద అప్పు ఉండి, అది తీర్చకపోతే బ్యాంకు వేలం నోటీసు తలుపుకు అంటించిన రోజున మీ ఐదు లక్షలకు పూచీ ఎవరు? రిజిస్ట్రేషన్ శాఖ నుంచి ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన తాకట్లు, లావాదేవీలు చూపే పత్రం) తీయించండి. తాకట్టు కనబడితే లేచి వచ్చేయండి. యజమాని ఎంత పెద్దమనిషైనా సరే.

ఇక మిగిలినవి వరుసగా చెప్పేస్తాను.

ఒప్పందం యజమానితోనే, ఆయన సంతకంతోనే, లేదా ఆయన జీపీఏ ఉన్నవారి సంతకంతోనే. మధ్యవర్తి సంతకం కాగితం ఖరీదు కూడా చేయదు.

పదకొండు నెలలకు రాసే ఒప్పందం రిజిస్టరు చేయనక్కరలేదని అంటారు, ఇక్కడ అది సరి కాదు. ఆంధ్రప్రదేశ్‌లో గడువు ఎంతైనా అద్దె ఒప్పందానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి, చేయించకపోతే గడువు నిలబెట్టుకోవడానికి ఆ కాగితం అక్కరకు రాదు. మూడేళ్ళ దాకా ఖాళీ చేయించననే నోటిమాట నమ్మకండి.

అడ్వాన్సు నగదుగా ఇవ్వకండి. ఇవ్వక తప్పదంటే రసీదు లేకుండా ఇవ్వకండి.

అడ్వాన్సు ఎంత అనేదానికి బేరం ఆడండి. కేంద్రం 2021లో ఇచ్చిన నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు రెండు నెలల అద్దెకు మించి డిపాజిట్ వద్దంటుంది. అది నమూనా మాత్రమే, అయినా బేరంలో ఆ మాట అనడానికి మొహమాటం ఎందుకు?

అద్దె ఏటా ఎంత పెంచుతారో అంకెలో రాయించండి. 2025 అక్టోబరులో గూగుల్ డేటా సెంటరు ప్రకటన వచ్చాక మధురవాడ, ఆనందపురం వైపు యజమానులు ఆ పేరు చెప్పి అద్దె పెంచుతున్నారు. ఆ కేంద్రంలో మీకేమీ ఉద్యోగం లేదు కదా.

మెయింటెనెన్స్ అద్దెలో కలిసిందా, విడిగానా? రాయించండి.

ఖాళీ చేసేటప్పుడు రంగులకు ఎంత తగ్గించుకుంటారో రాయించండి. గోడలు, తలుపులు, కుళాయిలు చేరిన రోజే ఫొటోలు తీసి యజమానికి పంపండి. సముద్రానికి దగ్గరి ఇళ్ళలో గ్రిల్లులు, గొళ్ళేలు తుప్పు పడతాయి, ఆ తుప్పు మీ ఖాతాలో రాస్తారు.

అద్దాల గోడలున్న బాల్కనీ చూసి మురిసిపోకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఈ ఊళ్ళో అద్దాలు ఏమయ్యాయో పాతవారిని అడగండి.

ఎదురింటివారితో మాట్లాడకుండా ఒప్పుకోకండి. వాచ్‌మన్ చెప్పింది సాక్ష్యం కాదు, అతనికీ కమీషన్ ఉంటుంది.

మాంసాహారం, బంధువుల రాకపోకలు, బండి పెట్టే చోటు. ముందే అడగండి.

‘సాయంత్రం ఇంకొకరు వస్తున్నారు, ఇప్పుడే తేల్చండి’ అంటే, వారికే ఇచ్చేయమనండి.

ఒరిజినల్ ఆధార్ ఎవరి చేతికీ ఇవ్వకండి. జిరాక్సు ఇస్తే దాని మీద ‘అద్దె ఒప్పందం కోసం’ అని రాసి తేదీ వేయండి.

రేపు ఆషాఢమైనా సరే, పాలు తరువాత పొంగించుకోవచ్చు. యజమాని పేరు తేలకుండా డబ్బు ఇవ్వకండి.

ఇచ్చేసి ఉంటే, అవతలి ఫోను కలవకపోతే, రేపు చూద్దామని ఆగకండి. ఫోను ద్వారా పంపిన డబ్బైతే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేసి ఫిర్యాదు రాయించండి. డబ్బు అవతలి ఖాతాలో ఉండగానే ఆపగలిగితే ఆపుతారు, ఒక్క పూట ఆలస్యమైతే అది నాలుగు ఖాతాలు దాటిపోతుంది. లావాదేవీ నంబరు, అతని ఫోను నంబరు, పంపిన ఫొటోలు, మాటల రికార్డు ఏదీ చెరిపేయకండి. కోపంలో అతన్ని బ్లాక్ చేయకండి. ఆ తరువాత పోలీసు స్టేషన్‌కు వెళ్ళండి, అదే ఇంటికి డబ్బు కట్టిన రెండో కుటుంబం ఉంటే వారిని కూడా వెంట తీసుకువెళ్ళండి.