చర్చిలో వెలుగును ఎలా చూడాలి?

పాత చర్చిలోకి అడుగుపెట్టగానే ఫోన్ తీయకండి. ఎండలోంచి వచ్చిన కళ్లు లోపలి మసకకి అలవాటు పడేదాకా వెనక బెంచీలో కూర్చోండి. ప్రార్థన జరుగుతుంటే అక్కడి నుంచి కదలొద్దు.

1. తూర్పు ఎటో చూసుకోండి. పాత చర్చిల్లో బలిపీఠం (ప్రార్థన జరిపించే వేదిక) ఎక్కువగా తూర్పున, గుమ్మం పడమట ఉంటాయి. క్రీస్తు ఉదయసూర్యుడిలా తిరిగి వస్తాడన్న నమ్మకమే కారణం. లోపలికి నడిచే మనిషి పొద్దు గూకే దిక్కు నుంచి పొద్దు పొడిచే దిక్కుకు వెళ్తాడన్నమాట. అన్నీ ఇలాగే ఉండవు. రోమ్‌లోని సెయింట్ పీటర్స్‌కి గుమ్మమే తూర్పున ఉంది.

2. వెలుగు ఎక్కడి నుంచి దిగుతోందో వెతకండి. ఇస్తాంబుల్‌లో 537లో చర్చిగా పూర్తయిన హేగియా సోఫియాలో గుమ్మటం అడుగున చుట్టూ 40 కిటికీలు ఉన్నాయి. వాటి వెలుగులో అంత బరువైన గుమ్మటం గోడలకు తగలకుండా ఆకాశం నుంచి వేలాడుతున్నట్టు ఉంటుంది.

3. రంగు అద్దాల దగ్గర తొందరపడొద్దు. అసలు సంగతంతా ఇక్కడే ఉంది. 1144లో పారిస్ దగ్గర సెయింట్ డెనిస్ చర్చి తూర్పు భాగాన్ని కొత్తగా కట్టించిన మఠాధిపతి సూజేర్, కంటికి కనిపించే వెలుగు మనసును నిజమైన వెలుగు దాకా తీసుకెళ్తుందని నమ్మాడు. "నేను లోకమునకు వెలుగును" అన్న క్రీస్తే ఆ నిజమైన వెలుగు. అద్దం పగలకుండా కిరణం దాన్ని దాటి వస్తుంది కదా, మధ్యయుగాల్లో మరియ కన్యగానే తల్లి కావడాన్ని దీనితోనే పోల్చేవారు. నేల మీద పడిన ఎరుపు, నీలం మరకల్లో ఓసారి అరచెయ్యి పెట్టి చూడండి. చెయ్యి రంగు మారుతుంది, బరువు మాత్రం ఏమీ తెలియదు.

ఫ్రాన్స్‌లోని షార్త్ర్ చర్చిలో ఉత్తరపు గులాబీ కిటికీలో (పువ్వులా గుండ్రంగా ఉండే రంగు అద్దాల కిటికీ) మరియ, చుట్టూ బైబిల్ పాత నిబంధనలోని రాజులు, ప్రవక్తలు. దక్షిణపు కిటికీలో మహిమలో ఉన్న క్రీస్తు. కింద క్రీస్తు కథను సువార్తలుగా రాసిన నలుగురు ప్రవక్తల భుజాల మీద కూర్చుని ఉంటారు! ఉత్తరపు వైపు ఎండ తక్కువగా పడుతుంది. నాకైతే క్రీస్తు కోసం ఎదురుచూపు నీడలోనూ, నెరవేరిన మాట ఎండలోనూ ఉన్నట్టు అనిపిస్తుంది.

4. బొమ్మలు లేకపోతే ఖాళీని చూడండి. జపాన్‌లో ఆర్కిటెక్ట్ తడావో ఆండో 1989లో కట్టిన చర్చిలో బలిపీఠం వెనక కాంక్రీటు గోడను శిలువ ఆకారంలో చీల్చి వదిలేశారు. అక్కడ శిలువ అంటే గోడ లేని చోటే.

5. వీలైతే ఇంకో వేళ మళ్లీ వెళ్లండి. బార్సిలోనాలోని సగ్రాదా ఫమీలియా చర్చిలో పొద్దున స్తంభాల మీద నీలం, ఆకుపచ్చ రంగులు పరుచుకుంటాయి. సాయంత్రానికి అవే స్తంభాలు నిప్పు రంగులో ఉంటాయి.